కింద ఎటువైపు

మొదటి రోజు

ఈ ఉదయం గిరక ఆగింది.

ఆగేముందు గంట మోగించారు. బాలవాడి చూసుకునే జుబేదా, నేనూ కలిసి అక్కడి తొమ్మిది మంది పిల్లలకూ నడుముకు గుడ్డపట్టీలు కట్టి గోడ కడ్డీలకు తగిలించాం. మెల్లగా ఒళ్లు తేలికైంది. మెట్లు దిగుతుంటే చివరి మెట్టు లేనట్టు కడుపులో ఒక జారుడు. గిన్నెలోని జావ గుండ్రటి ముద్దై పైకి లేచింది. పిల్లలు ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ ముద్దను చూసి కిలకిలా నవ్వారు.

"నవ్వతాండారు చూడండి మేడం," అంది జుబేదా. కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఉంది, ముఖం పాలిపోయింది. "నాకేమో పేగులు నోట్లోకొస్తాండాయి."

మా ఊరికి పెద్ద పేరే ఉంది గానీ కాగితాల మీద తప్ప ఎవరూ వాడరు. చంద్రుడికి అవతల బండి చక్రంలా తిరుగుతూ ఉంటుంది కాబట్టి అందరం గిరక అంటాం. ఆ తిరుగుడే మాకు బరువు. చక్రం అంచులో ఇళ్లు, వరి మళ్లు, ఆస్పత్రి, నడిమధ్యన ఇరుసు. ఆ ఇరుసును బిగించి పట్టే ఉక్కు కంకణంలో పగులు కనబడిందనీ, ఆపి మార్చకపోతే చక్రమే విడిపోతుందనీ ఇంజనీరు పైడిరాజు నిన్న సభలో చెప్పాడు. పన్నెండు రోజుల పని అన్నాడు.

"పిల్లలకేమైనా ఇబ్బందా డాక్టరమ్మా?" అని నన్నడిగాడు. అతనికీ మూడు నెలల కొడుకున్నాడు.

నేను కాకినాడలో పదహారేళ్లు పసిపిల్లల నరాల వైద్యం చేసి ఇక్కడికి వచ్చినదాన్ని. పన్నెండు రోజులకు ఏమీ కాదని చెప్పాను.

నాలుగో రోజు

పెద్దవాళ్లలో చాలామంది వాంతులతో మంచం పట్టారు. మంచమంటే గోడకు బిగించిన సంచీ. సంచుల్లో దూరి కళ్లు మూసుకుని ఉంటున్నారు. పసిపిల్లలకు ఒక్కరికీ వాంతి లేదు. రెండేళ్లలోపు పిల్లలకు కడుపులో తిప్పడం చాలా అరుదు. కళ్లు చెప్పేదీ, చెవి చెప్పేదీ పొసగకపోతే మనకు కడుపులో తిప్పుతుంది. పొసగాలని వాళ్ల మెదడు ఇంకా నేర్చుకోలేదు.

మధ్యాహ్నం మళ్ల వైపు వెళ్లాను. సమ్మక్క వరి పాదుల మధ్య తేలుతూ, మొక్కల కాండాల వెంట పైకి పాకుతున్న నీళ్లను గుడ్డతో ఒత్తి మళ్లీ వేళ్ల దగ్గర పిండుతోంది. ఆమెది ములుగు దగ్గర. వీపున నాలుగు నెలల కూతురు కిన్నెర నిద్రపోతోంది.

"నీళ్లు కింద ఉంటలేవు డాక్టరమ్మ. కింద అనేదే లేకపాయె," అంది.

పదకొండో రోజు

పన్నెండు రోజులు కావట.

"పగులు రెండో కంకణంలోకి కూడా పాకీసింది," అన్నాడు పైడిరాజు సభలో. నిద్రలేక కళ్లు లోతుకు పోయాయి. "కొత్తది పోత పొయ్యాల. సల్లారాల, సానబట్టాల, అప్పుడెక్కించాల. రెండు నెలలు పడతాది."

"ఓడనైనా రమ్మందాం. పిల్లల్ని తీసుకుపోతారు," అన్నారెవరో.

"ఓడ వచ్చీసరికి ఐదు నెలలండి."

సభ నుంచి తిన్నగా బాలవాడికి వెళ్లాను. చైత్రకు పద్నాలుగు నెలలు. గిరక ఆగడానికి వారం ముందే గోడ పట్టుకుని అడుగులు వేసింది. ఆ పిల్లను గుడ్డ ఊయలలో కూర్చోబెట్టి, తాడు పట్టుకుని గుండ్రంగా తిప్పాను. అలా తిప్పితే కాసేపు బరువు పుడుతుంది. తల వాలిపోకుండా పిల్ల మెడ నిక్కించాలి, చేతులు చాచాలి. చైత్ర మెడ వడిలిన తామరతూడులా ఒక పక్కకు పోయింది. ఇంకా నవ్వుతూనే ఉంది.

మూడుసార్లు చూశాను. తర్వాత మిగతా పిల్లల్నీ చూశాను.

పన్నెండో రోజు

సభలో నేనే లేచి చెప్పాను. చెవి లోపల, వినికిడితో సంబంధం లేని చిన్న సంచీ ఒకటుంటుంది. అందులో సన్నని రోమాలు, వాటి మీద పిండిరవ్వల్లాంటి రాళ్లు. తల ఎటు వాలితే రాళ్లు అటు ఒరుగుతాయి, రోమాలు వంగుతాయి, నరం మెదడుకు కబురు పంపుతుంది, కింద ఇటువైపని. ఆ కబురు పట్టుకునే మెడ నిలుస్తుంది, వెన్ను నిలుస్తుంది, చూపు కుదురుతుంది. ఇప్పుడు ఆ రాళ్లకు బరువు లేదు. కబురు లేదు.

"మనకీ లేదు కదా?" అన్నారెవరో.

"మనకు దారులు పడిపోయాయి. వీళ్లకు ఇప్పుడే పడుతున్నాయి. పసిమెదడు అవసరానికి మించి దారులు వేసుకుంటుంది. నడిచిన దారిని ఉంచుకుంటుంది, నడవనిదాన్ని చెరిపేస్తుంది."

పైడిరాజు తల ఎత్తాడు. "సెరిగిపోయిన దారి మళ్లీ పడదా?"

"కొంత పడుతుంది. ఎంతో తెలియదు. ఇలా పెరిగిన పిల్లలు ఇంతవరకూ లేరు. ఎలుకల మీద మాత్రం చూశారు."

"ఎలకలకేటయ్యింది?"

"వెల్లకిలా పడేస్తే తిరగలేకపోయాయి."

జుబేదా కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను అడగాల్సింది అడిగాను. ఇరుసు లోపలి గదిలో అడ్డంగా ఒక దూలం, రెండు కొసలా రెండు తొట్లు, మధ్యలో మనుషులు తొక్కి తిప్పే పెడళ్లు. పిల్లల్ని వాటిలో వేసి తిప్పితే తిరిగినంతసేపూ వాళ్లకు బరువుంటుంది.

"అది తిరిగితే ఇరుసు వణుకుతాది," అన్నాడు పైడిరాజు. "ఎంట్రుకవాసి తేడా వచ్చినా కంకణం కూకోదు."

"మీ వాళ్లు పడుకునే వేళ ఉంటుంది కదా."

వేళ్ల మీద వేళలు లెక్కేసుకున్నాడు. "ఆ ఏళప్పుడు తిప్పుకోండి. పని నడిసేటప్పుడు ముట్టుకోవద్దు."

పదిహేనో రోజు

తొట్ల రాట్నం తయారైంది. మొదటగా చైత్రను ఎక్కిస్తామంటే వాళ్లమ్మ ఒప్పుకోలేదు. తానూ ఎక్కుతానంది. ఎక్కింది. నలుగురు మగవాళ్లు పెడళ్లు తొక్కారు. రెండు చుట్లకే ఆ తల్లి కళ్లు తేలేసి సంచీలోకి వాంతి చేసుకుంది. ఒళ్లో చైత్ర "ఇంకా, ఇంకా" అని చప్పట్లు కొట్టింది. చాలా రోజుల తర్వాత అందరం నవ్వాం.

నవ్వులు అయ్యాక లెక్క చూసుకున్నాం. పనివాళ్లు నిద్రపోయే వేళలో, ఫలితం ఉండేలా, ఐదుగురు పిల్లల్ని తిప్పగలం. అంతకు మించి కుదరదు. మొత్తం తొమ్మిది మంది. అందులో ఇద్దరికి మూడేళ్లు నిండాయి, పరిగెత్తే పిల్లలు, వాళ్ల దిగులు లేదు. మిగిలినవాళ్లు ఏడుగురు.

పదహారో రోజు

ఏడుగురికీ కొంచెం కొంచెం పంచితే ఎవరికీ చాలదేమోనని నా భయం. నిన్నంతా నాకు తెలిసిందంతా తిరగేసుకున్నాను. కూర్చోవడం, నిలబడటం, నడవడం నేర్చుకునే వయసులో ఐదుగురున్నారు. పైడిరాజు కొడుకు సింహాద్రి, సమ్మక్క కూతురు కిన్నెర ఇంకా మెడ కూడా పూర్తిగా నిలవని పిల్లలు. వాళ్లకు ఇంకా వ్యవధి ఉందనుకున్నాను. ఐదుగురినే ఎంచాను.

పైడిరాజుకు ముందు చెప్పాను. ఇరుసులో తలకిందులుగా వేలాడుతూ మర బిగిస్తున్నాడు, లేక నేనే తలకిందులుగా ఉన్నానేమో.

"మరి మావోడు?" అన్నాడు.

"చిన్నవాడు. ఆగగలడు."

"ఇది మీకు తెలిసి సెబుతున్నారా, అనుకోని సెబుతున్నారా?"

"అనుకుని చెబుతున్నాను. తెలిసినవాళ్లెవరూ లేరు."

తలూపి మళ్లీ పనిలోకి దిగాడు. తిప్పే వేళలు అతని చేతిలోనే ఉన్నాయి. కొడుకును ముందు వేసుకుంటానంటే కాదనేవాళ్లు లేరు. అనలేదు.

సమ్మక్క మాత్రం ఊరుకోలేదు.

"నా బిడ్డనెందుకు ఇడిశిపెట్టిండ్రు?"

చెప్పాను. ఆమె వింటున్నంతసేపూ కిన్నెర ఆమె జుట్టు పట్టి లాగుతోంది.

"సగం పూటన్న వెట్టుండ్రి. పావు పూటన్న. ఓ మూలకు కట్టుండ్రి, దాని తిండి నేనే జూస్కుంట."

"తూకం తప్పుతుంది సమ్మక్కా. అందరికీ చెడుతుంది."

"అందరికి," అంది ఆమె. మళ్ల వైపు తేలుతూ వెళ్లిపోయింది.

ఇరవై నాలుగో రోజు

ఐదుగురూ బాగున్నారు. చైత్ర తొట్టిలో మెడ నిటారుగా నిలుపుతోంది, అంచు పట్టుకుని మోకాళ్ల మీద లేస్తోంది. ఊరంతా వంతులు వేసుకుని పెడళ్లు తొక్కుతున్నారు. వరి సగం పోయింది. గట్టి పిండి ముద్దలు, ఉడికించిన సోయా తింటున్నాం. అయినా తొక్కడానికి ఎవరూ రానని అనడం లేదు. రోజంతా సాన పట్టి వచ్చినవాళ్లు కూడా నిద్ర మానుకుని వచ్చి ఓ అరగంట తొక్కి పోతున్నారు.

నేను సంతోషంగా ఉండాలి. సింహాద్రి తల్లి నరస వాణ్ని చూపించడానికి రోజూ తెస్తోంది. పాలు బాగా తాగుతున్నాడు, బరువు లేకపోయినా ఒళ్లు చేస్తున్నాడు. అలిగిన మనిషిలా ఒక వైపే చూస్తూ ఉంటాడు. పలకరిస్తే నవ్వుతాడు.

ముప్పై మూడో రోజు

విత్తనాల గదిలోంచి ఏదో చప్పుడు వస్తోందని జుబేదా చెబితే వెళ్లి చూశాను. సమ్మక్క పొడవాటి తాడుకు ఒక కొసన వడ్ల బస్తా కట్టింది. ఇంకో కొసన తనను కట్టుకుంది. రొమ్ముకు కిన్నెరను బిగించుకుంది. గోడను కాళ్లతో తన్ని లేస్తోంది. బస్తా అటు, తల్లీబిడ్డా ఇటు, ఆ గది నడుమ గిర్రున తిరుగుతున్నారు. ఆమె నోటికి వాంతి సంచీ కట్టి ఉంది. కళ్లు మూసుకుంది. కిన్నెర కళ్లు తెరుచుకుని, పెదవులు బిగించి, తల నిలబెట్టడానికి తంటాలు పడుతోంది.

ఆగేదాకా ఆగి, తాడు పట్టుకున్నాను.

"ముడి ఊడితే ఇద్దరూ గోడకు కొట్టుకుంటారు. పిల్ల మెడ ఇంకా లేతది. ఇది ఆపాలి."

ఆమె సంచీ విప్పి మూతి తుడుచుకుంది. మనిషి సగమైంది. "మీ పని మీరు జేసిండ్రు. నా పని నన్ను జేస్కోనియ్యుండ్రి."

"ప్రమాదం సమ్మక్కా."

"ఊకుంటె ప్రమాదం లేదా?"

ముడులు గట్టిగా ఉన్నాయో లేదో చూసి వచ్చేశాను. ఆపమని మళ్లీ అనలేదు, చేయమనీ అనలేదు.

ముప్పై ఐదో రోజు

నరస అడిగింది. "సమ్మక్క తాడేసుకోని తిరగతందంట. మా ఆయన పనిలో ఉంటాడు, నానొక్కదాన్నే. నన్నూ సెయ్యమంటారా అమ్మా?"

వద్దన్నాను. దెబ్బ తగులుతుందని భయపెట్టాను. సరేనంది.

యాభై రెండో రోజు

ఐదుగురి వంతు అయ్యాక, తొక్కేవాళ్లను బతిమాలి ఇంకాసేపు తొక్కించి, చిన్నవాళ్లిద్దరినీ పరీక్షకు తొట్టిలో వేశాను.

కిన్నెర ఏడ్చింది. చేతులతో తడుముకుంది. తల వణుకుతూనే లేపింది.

సింహాద్రి ఏడవలేదు. తొట్టి ఎటు విసిరితే తల అటు వాలింది. చేయి చాచలేదు. అసలు తనకేదో అవుతోందన్న సంగతే వాడి ముఖంలో లేదు. తిరుగుతున్న తొట్టిలోంచి నన్ను చూసి నవ్వాడు.

నేను తలకిందులుగా ఎంచాను. మెడ నిలవని పిల్లలకు వ్యవధి ఉందనుకున్నాను. నిలబడటం, నడవడం పైకప్పు. ఆ కబురును కళ్లకూ మెడకూ కలిపే పునాది ఈ నెలల్లోనే పడుతుంది. పైకప్పు వేసేవాళ్లకు కూలీలందరినీ పంపి, పునాది తవ్వేవాళ్లను ఖాళీ చేతులతో కూర్చోబెట్టాను.

పైడిరాజు కోసం ఇరుసుకు వెళ్తుంటే అతనే ఎదురొచ్చాడు.

"మీ దగ్గరికే వస్తన్నాను డాక్టరమ్మా. రేపటి నుంచి కంకణం ఎక్కించడం మొదలవుతాది. ఇక మాకు పడుకునే ఏళుండదు, వంతులేసుకోని చేస్తాం. రాట్నం ఆపీండి."

"ఐదుగురికీ పర్వాలేదు. ఆపుదాం. కానీ సింహాద్రి..." చూసింది చూసినట్టు చెప్పాను. నేనెక్కడ పొరబడ్డానో కూడా చెప్పాను.

అతను కడ్డీ పట్టుకుని నా ఎదురుగా ఆగాడు. "ఎంతసేపు కావాల?"

"రోజుకు రెండు గంటలు. ఎక్కువైతే ఇంకా మంచిది."

"కంకణం సగం ఎక్కించి ఆపితే వంకరపోతాది. మళ్లీ పోత పొయ్యాల. ఇంకో రెండు నెలలు. అందరికీ."

"తెలుసు."

"ఉన్న గింజలు సరిపోవు కూడా."

"తెలుసు పైడిరాజూ."

బరువు లేని చోట కన్నీళ్లు జారవు. కంటి మీదే ముద్దగా నిలిచి చూపును మింగేస్తాయి. అతను చొక్కా చేతితో ఆ ముద్దను అద్దుకున్నాడు, మళ్లీ నిండితే మళ్లీ అద్దుకున్నాడు.

"ఇవ్వలేనండి," అన్నాడు. "నాను ఇవ్వలేను. నరసకి మీరు సెప్పకండి. నానే సెబుతాను."

సాయంత్రం విత్తనాల గదికి వెళ్లి, సమ్మక్క తాడు ఎలా కట్టిందో అడిగి తెలుసుకున్నాను. పైడిరాజు నరసకు చెప్పాక, ఆమెను తోడు తీసుకుని సింహాద్రిని నేనే తిప్పాను. మిగిలిన రోజులన్నీ తిప్పుతాం. ఆలస్యమైందని ఇద్దరికీ తెలుసు.

డెబ్భై రెండో రోజు

గిరక తిరిగింది. ఇది వారం తర్వాత రాస్తున్నాను.

మొదట జుట్టు భుజాల మీద వాలింది. తర్వాత చేతులు బరువెక్కాయి. గాలిలో తిరుగుతున్న దుమ్ము, మెతుకులు, దారపు పోగులు అన్నీ నెమ్మదిగా నేల మీద పరుచుకున్నాయి. మనుషులు నేల మీద బోర్లా పడుకుని నవ్వారు, ఏడ్చారు. ఇరుసు లోంచి దిగి వచ్చిన పనివాళ్లను భుజాల మీద మోయాలనుకున్నారు గానీ ఎవరి కాళ్లూ నిలవలేదు.

చైత్ర ఆ రోజే కూర్చుంది. వారానికి గోడ పట్టుకుని నిలబడింది.

సింహాద్రిని పక్క మీద పడుకోబెట్టాం. పెట్టిన చోట పెట్టినట్టు ఉండిపోయాడు. ఎత్తుకోగానే బెదిరి కెవ్వుమన్నాడు. వాడికి తల్లి ఒడి కూడా జారిపోయే చోటుగానే ఉంది.

తిరిగిన ఆరు నెలలకు

ఈ వారం రెండిళ్లకూ వెళ్లి చెప్పాను. చెప్పకుండా వాయిదా వేస్తూ వచ్చిన మాటలు.

కిన్నెర కూర్చుంటోంది. కళ్లు తెరిచి ఉన్నంతసేపే. పైనుంచి చొక్కా తొడిగేటప్పుడు గుడ్డ కళ్లకు అడ్డం పడితే చాలు, పక్కకు ఒరిగిపోతుంది. లోపలి నుంచి అందని కబురును మెదడు కళ్ల నుంచి తెచ్చుకుంటోంది. నడుస్తుందనుకుంటున్నాను. చీకట్లో మాత్రం నడవదు.

సమ్మక్క అంతా విని, "నేను తిప్పినందుకు ఇంతన్న మిగిలిందా? తిప్పకుంటె గిట్ల గూడ ఉండకపోవునా?" అని అడిగింది.

"తెలియదు సమ్మక్కా. అయి ఉండొచ్చు."

"మీకు తెల్వనప్పుడు నన్నాపమన్నరు."

"అన్నాను."

ఆమె క్షమిస్తున్నానని అనలేదు. కిన్నెరను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "రోజూ రావాలె. ఇది నడిచేదాక రావాలె. ఏం నేర్పాలెనో నేర్పుండ్రి."

పైడిరాజు ఇంట్లో సింహాద్రి మెత్తల మధ్య పడుకుని ఉన్నాడు. తల ఇంకా నిలవడం లేదు. నరస వాణ్ని చూస్తూ వింది, నన్ను చూడలేదు. నేను వద్దన్న రోజు ఆమెకు గుర్తుంది. నాకూ గుర్తుంది. నా మాట పూర్తికాకముందే లేచి లోపలికి వెళ్లింది.

"మీరు అనుకోని సెప్పేరు," అన్నాడు పైడిరాజు. "నానడిగేను, మీరు దాచలేదు. తరవాత మీరొచ్చి అడిగేరు, నానియ్యలేదు. ఇందులో ఎవుల్ని తిట్టాలో నాకు తెలీదండి. రాత్రిళ్లు మిమ్మల్ని తిట్టుకుంటాను. తెల్లారి మళ్లీ నన్ను తిట్టుకుంటాను."

"రోజూ వస్తాను," అన్నాను.

"రండి."

పదిహేను నెలలకు

కిన్నెర నడిచింది. కళ్లు పెద్దవి చేసుకుని, ఎదుటి గోడ మీద చూపు పాతి, ఒక్కో అడుగూ ఆలోచించి వేసినట్టు నడిచింది. సమ్మక్క చప్పట్లు కొట్టలేదు, అలికిడి చేస్తే పిల్ల చూపు తిప్పుతుందని. గోడ దాకా చేరాక మాత్రం నేల మీద చతికిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సింహాద్రికి కళ్లు ఆ పని చేయడం లేదు. ఎన్ని విధాల ప్రయత్నించినా చూపు ఒకచోట నిలవదు, దాన్ని పట్టుకుని ఒళ్లు నిలవదు. కుర్చీలో పట్టీలతో కట్టి కూర్చోబెడుతున్నాం. పైడిరాజు వారానికోసారి వాణ్ని ఇరుసు లోపలికి, బరువు లేని గదిలోకి తీసుకెళ్తాడు. ఒకరోజు నేనూ వెళ్లాను. అక్కడ వాడు గోడను మునివేళ్లతో తాకి చేపలా మళ్లుతాడు, వెల్లకిలా బోర్లా అన్న తేడా లేకుండా తండ్రి చుట్టూ తిరుగుతాడు.

"ఈడికిక్కడ బాగుంటాది," అన్నాడు పైడిరాజు. "ఇక్కడే ఉంచీమంటారా?"

"ఎముకలు పెరగవు. గుండె బలపడదు."

"తెలుసు. ఊరికే అడిగేను." కొడుకు చీలమండ పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. "ఇక్కడున్నా ఈడితో ఆడుకోడానికి ఎవులుంటారు? పిల్లలందరూ కిందున్నారు."

రెండున్నరేళ్లకు

ఇవాళ జరిగింది ఇవాళే రాయాలి.

బాలవాడి ముందు వరండాలో పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారు. కిన్నెర దొంగ. గోడకు చేతులానించి అంకెలు లెక్కపెడుతోంది.

"జుబేదమ్మా! కిన్నెర కళ్లు మూసుకోలేదు!" అని చైత్ర అరిచింది.

"నేన్ మూస్కుంటె పడ్త," అంది కిన్నెర తొణక్కుండా. "గోడనే జూస్తున్న. మిమ్ముల జూస్తలేను."

ఒప్పుకున్నారు. సింహాద్రిని ఎప్పటిలాగే కుర్చీలోంచి దించి బియ్యం పీపాల ముందు పరుపు మీద పడుకోబెట్టారు. వాడు రోజూ మొదట దొరికిపోతాడు, దొరికినందుకు రోజూ నవ్వుతాడు. జుబేదా పాలు కాచడానికి లోపలికి వెళ్లింది. నేను పక్క గదిలో మందులు సర్దుతున్నాను.

కాసేపటికి కిన్నెర వచ్చి నా కొంగు పట్టుకుంది. "డాక్టరమ్మ, సింహాద్రి దొరుకుత లేడు."

వెళ్లి చూస్తే పరుపు ఖాళీగా ఉంది. ఎవరో పెద్దవాళ్లు ఎత్తుకెళ్లారనుకున్నాం. ఇంటికి కబురు పెడితే నరస చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చింది, ఆమె వెనకే పైడిరాజు. ఎవరూ ఎత్తుకెళ్లలేదు. వాడంతట వాడు కదలడు. జుబేదా నీళ్ల తొట్టి వైపు పరిగెత్తింది. నరస పరుపు ఎత్తి కింద చూసింది.

"ఒరే సింహాద్రీ!" అని పైడిరాజు అరిచాడు.

పీపాల వెనక నుంచి కిసుక్కున నవ్వు వినబడింది.

రెండు పీపాలకూ నడుమ జానెడు జానెడున్నర సందు. నేను మోకాళ్ల మీద వంగి చూశాను. సింహాద్రి అందులో ఉన్నాడు. పడుకుని లేడు. కూర్చుని ఉన్నాడు. కుడి భుజం ఒక పీపాకు, ఎడమ భుజం ఇంకోదానికి, వీపు గోడకు ఒత్తుకుని ఉన్నాయి. రెండు అరచేతులూ పీపాల మీద పరిచి ఉన్నాయి. తల నిలబడి ఉంది. కాస్త వణుకుతోంది, కానీ నిలబడి ఉంది. పరుపు నుంచి అక్కడిదాకా, పీపా అడుగు పట్టుకుని ఒళ్లు ఈడ్చుకున్న జాడ దుమ్ములో కనబడుతోంది.

రెండున్నరేళ్లుగా నేను వాడి కళ్లతోనే కుస్తీ పడుతున్నాను. మెత్తలు వేసి, పట్టీలు కట్టి, ఏదీ ఒంటికి గట్టిగా తగలకుండా కాపాడుతున్నాను. వాడికి కావలసింది ఒంటికి తగిలే గోడలని నాకు తట్టలేదు. చెవి చెప్పనిదీ, కళ్లు చెప్పలేనిదీ చర్మం చెబుతోంది. రేపటి నుంచి మెత్తలు తీసేయాలి. వాడి భుజాలకు సరిపడా ఇరుకు కుర్చీ చేయించాలి, గోడల మధ్య నిలబెట్టాలి, తర్వాత గోడలను ఒక్కో వేలు వెడల్పు దూరం జరపాలి. ఎంతవరకు వస్తుందో నాకు తెలియదు. ఈసారి తెలియదనే మొదలుపెడతాను, ముందే నరసకు చెప్పి, ఆమెను అడిగి.

పైడిరాజు వాణ్ని ఎత్తుకోవడానికి చేతులు చాచాడు. నేను అతని మోచేయి పట్టుకుని ఆపాను. అతను అర్థం కాక నా వైపు చూసి, మళ్లీ సందులోకి చూశాడు. అప్పుడు కనబడింది అతనికి. మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

"నిన్నిక్కడ ఎవులెట్టీసినార్రా?" అన్నాడు.

సింహాద్రి మళ్లీ కిసుక్కుమన్నాడు. పీపాల మీది అరచేతులు తీయలేదు.

"నానే," అన్నాడు.